గీతాసారం పటానికి ఒక మనవి

మహారాజశ్రీ గీతాసారం పటం గారి సముఖమునకు, కౌంటరుకు ఇవతల నిలబడినవాడు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మీ కుశలానికేమీ లోటు లేదని మొన్న చిట్టీల ఆఫీసులో కళ్లారా చూశాను. రథం, నాలుగు తెల్లగుర్రాలు, పగ్గాలు పట్టుకుని వెనక్కి తిరిగిన కృష్ణుడు, చేతులు జోడించిన అర్జునుడు. కింద పసుపుపచ్చ అక్షరాల్లో ‘అయినదేదో మంచికే అయినది’. దానికింద అంతకంటే పెద్ద అక్షరాల్లో, మిమ్మల్ని అచ్చు వేయించి పంచిన నగల దుకాణం పేరు. మెడలో ప్లాస్టిక్ మందారాల దండ, నెత్తిన ఎర్రటి జీరో బల్బు. కరెంటు పోతే జనం మీది ఫ్యాను ఆగిపోయింది గానీ మీ బల్బు ఇన్వర్టరు మీద వెలుగుతూనే ఉంది.

మా ఎదురింటి కండక్టరు గారి విషయంగా ఈ ఉత్తరం. ఆర్టీసీలో పదవీ విరమణ చేసిన మనిషి. కూతురి పెళ్లికని చిట్టీ వేశారు. ఒక్క వాయిదా తప్పకుండా కట్టారు, పాట పాడుకున్నారు. డబ్బు చేతికి రావాలంటే ముగ్గురు జామీనుదారులు కావాలన్నారు. ముగ్గురూ ప్రభుత్వోద్యోగులే అయి ఉండాలి, జీతం పత్రాలు జతచేయాలి. ఇద్దరు దొరికారు. మూడో మనిషి కోసం తిరిగి తిరిగి, కనీసం ఇద్దరితో సరిపెట్టుకోమని అడగడానికి వెళుతూ నన్ను తోడు రమ్మన్నారు.

‘‘ఇంకెన్నాళ్లు తిప్పుతారు బాబూ?’’ అని ఆయన అడిగితే, గుమస్తా తల కూడా ఎత్తకుండా పెన్ను వెనకకొసతో భుజం మీదుగా మిమ్మల్ని చూపించాడు. ‘‘పైన రాసి ఉంది కదండీ, చదువుకోండి.’’

కండక్టరు గారు కళ్లజోడు పెట్టుకుని నిజంగానే చదివారు. ‘నీవేమి తెచ్చావని పోగొట్టుకున్నావు?’ అన్న వాక్యం దగ్గర ఆగి, సంచిలోంచి పాసుపుస్తకం తీసి, తాను తెచ్చిందేమిటో నెలవారీగా మీకు చూపించబోయారు. టిక్కెట్ల లెక్క రోజూ డిపోలో పైసలతో సహా అప్పగించిన చెయ్యి కదా, ఊరుకోదు.

ఈనాడు నీదనుకున్నది నిన్న మరొకరిది, రేపు ఇంకొకరిది అని మీరే అంటారు. అలాంటప్పుడు మీ నీడలో కూర్చున్నవారికి ముగ్గురి జామీను ఎందుకండీ? చట్టం ప్రకారం చిట్టీ నిర్వాహకుడి కమిషను పరిమితి 5 శాతం ఉండేది. 2019 సవరణలో అది 7 అయింది. పరివర్తన లోకం పోకడ అన్న మీ మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇంటికొచ్చి, మీ వాక్యాలు గీతలో ఎక్కడున్నాయా అని వెతికాను. గీత మా ఇంట్లో దేవుడి అలమరలో ఎర్రగుడ్డలో చుట్టి ఉంటుంది, గీతాజయంతినాడు బయటికొస్తుంది. మైకులో వినబడితే మాత్రం ఎవరు పోయారో అని వీధిలోకి తొంగిచూస్తాం. పద్దెనిమిది అధ్యాయాలు, 700 శ్లోకాలు తిరగేశాను. శోకించతగనివాటికి శోకిస్తున్నావని అర్జునుణ్ణి మందలించడం ఉంది, తప్పనిదానికి దుఃఖించవద్దనడం ఉంది. దూరపు చుట్టరికం కాదనను. మీరు మాత్రం లేరు.

ఉన్నదేమిటంటే, అర్జునుడి ప్రశ్నలు. కర్మకంటే జ్ఞానమే గొప్పదైతే ఈ ఘోరమైన పనిలోకి నన్నెందుకు దింపుతున్నావని మూడో అధ్యాయం మొదట్లోనే నిలదీస్తాడు. కలగాపులగం మాటలతో నా బుద్ధిని తికమక పెడుతున్నట్టున్నావని దేవుడి ముఖం మీదే అంటాడు. ఆయన పెన్ను వెనకకొస చూపించలేదు, ఓపికగా జవాబిచ్చాడు. చివర్న కూడా, చెప్పిందంతా బాగా విచారించి నీకెలా తోస్తే అలా చెయ్యి అన్నాడు.

అసలు మీరే కనుక కురుక్షేత్రంలో ఉంటే యుద్ధమే జరిగేది కాదు. జూదంలో పోయిందా? మంచికే పోయింది. సభలో చీర పట్టుకు లాగారా? అదీ మంచికే. రాజ్యం నిన్న ధర్మరాజుది, నేడు దుర్యోధనుడిది, ఆందోళన దేనికి? మిమ్మల్ని హస్తినాపురమంతా అచ్చు వేయించి పంచడానికి దుర్యోధనుడు నగల దుకాణం కోసం ఎదురుచూసేవాడా? కానీ ఐదూళ్లిచ్చినా చాలన్న పాండవుల మాట మోసుకుని ఆ సభకు రాయబారం వెళ్లింది మీ పటంలో పగ్గాలు పట్టుకున్న ఆయనే. ‘ఏమి తెచ్చావని’ అని పాండవుల్ని అడగలేదు. వాళ్లకు రావలసినదాన్ని దుర్యోధనుణ్ణే అడిగాడు.

మీ కొలువులు ఇదొక్కటే కాదని తెలుసు. జీతాల పెంపు వేళ మేనేజరు గదిలో మీరు, కర్మలోనే నీకు అధికారం, ఫలంలో లేదు అనే శ్లోకంతో సహా ప్రత్యక్షమవుతారు. ఆ శ్లోకానికి నాలుగో పాదం ఒకటుంది: పని మానుకోవడం మీద మమకారం పెంచుకోకు అని. అది ఫైలు మీద కూర్చున్నవారికి పనికొచ్చే పాదం కాబట్టి ఎవరూ చదవరు. వ్యక్తిత్వ వికాస తరగతుల్లో మైకు పట్టుకుని మిమ్మల్ని అప్పజెప్పేవారి సంగతి వదిలేస్తున్నాను, వారు రుసుము మాత్రం ముందే తీసుకుంటారు.

నేను గమనించినంతలో మీరెప్పుడూ కుర్చీ వెనక గోడకే ఉంటారు. కూర్చున్నవారి కంట పడరు, నిలబడినవారి కంట పడక మానరు. పోగొట్టుకునేవారికే వైరాగ్యం బోధిస్తారు, దాచుకునేవారికి వీపు కాపలా కాస్తారు. ఎదురు గోడకు మారమని అడుగుదామనుకున్నాను గానీ, అక్కడ వడ్డీ రేట్ల పట్టిక ఉంది, దాన్ని కదపనివ్వరు.

అందుచేత చిన్న కోరిక. కండక్టరు గారికి మూడో జామీనుదారు ఇంకా దొరకలేదు. ఆ సంతకమేదో మీరు పెట్టండి. ప్రభుత్వోద్యోగిని కానని తప్పించుకోకండి. మా ఊరి ప్రభుత్వ కార్యాలయాల్లో మీ అంత సర్వీసు ఉన్నవారు ఎవరూ లేరు, పైగా బదిలీ కూడా కారు.

ఇట్లు,
కౌంటరుకు ఇవతల నిలబడినవాడు