లోకలే కదా!

"దూరం పోయే పనే లేదు. క్రషర్ కాడ ఎత్తుకోవడం, ఇండ్ల కాడ పొయ్యడం. లోకలే కదా! రాత్రి సంగటి ఇంట్లోనే తింటావు" అన్నాడు మా ఓనరు, నన్ను టిప్పర్ మీద పనిలో పెట్టుకుంటూ. ఇంట్లో చెప్తే మా ఆవిడ కూడా సంబరపడింది. చెన్నైకీ బెంగళూరుకీ తిరిగే లైన్ బండి డ్రైవరు ఒకాయన మా వీధిలోనే ఉన్నాడు. ఆయన వారానికోసారి ఇంటికొస్తే చిన్న కూతురు లోపలికి పరిగెత్తి "అమ్మా, ఎవరో వచ్చినారు" అంటుంది.

నేను అంతకుముందు నాలుగేళ్ళు చిన్న బండి తోలాను. మార్కెట్ నుంచి హోటళ్ళకు టమోటాలు, ఉల్లిగడ్డలు వేసేవాణ్ణి. చిన్న బండి లైసెన్సుకు ఏడాది నిండితే గానీ పెద్ద బండికి ఎల్ఎల్ఆర్ ఇవ్వరు. నాకు నాలుగు నిండాయి కాబట్టి ఆ సర్టిఫికెట్, ఈ టెస్టు అయ్యాక హెవీ లైసెన్సు చేతికొచ్చేసింది. కాకపోతే స్కూల్లో నేర్పింది ఖాళీ లారీ మీద. ఖాళీ లారీ మనం చెప్పిన మాట వింటుంది. లోడు లారీ ఆలోచించి చెప్తానంటుంది.

మొదటి రోజు మబ్బుతోనే షెడ్డుకు పోయాను. పది టైర్ల టిప్పరు. అద్దానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉన్నాయి. దండం పెట్టుకుని స్టార్ట్ చేసి, గేరు వేసి, క్లచ్ వదిలాను. బండి మూలిగింది గానీ కదల్లేదు. ఇంకొంచెం రేజ్ చేశాను. ఇంకొంచెం గట్టిగా మూలిగింది.

"ఎయిర్ ఎక్కలేదు స్వామీ" అన్నాడు క్లీనరు.

రాత్రంతా నిలబడిన బండిలో గాలి దిగిపోతుంది. గాలి లేకపోతే బ్రేకు పడదు అని కదా మనం అనుకునేది? పెద్ద బండిలో తిరకాసు వేరే. గాలి లేకపోతే వెనకాల స్ప్రింగులు గట్టిగా పట్టేసుకుని బ్రేకు అసలు వదలదు. మీటర్లో ముల్లు పైకి ఎక్కిందాకా ఇంజన్ ఆన్ చేసి, చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. కూర్చున్నాను.

మా క్లీనరు గురించి ఇక్కడే చెప్పుకోవాలి. కుర్రవాడు. అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్ల పంచె, నల్ల చొక్కా, నుదుట గంధం, కాళ్ళకు చెప్పుల్లేవు. మాల వేసుకున్నవాడు కనబడిన ప్రతివాణ్ణీ స్వామీ అంటాడు, మనం కూడా వాణ్ణి స్వామీ అనాలి. క్లీనర్ని తిట్టుకోవడం అనేది డ్రైవరు ఉద్యోగంలో ఉన్న ఒకే ఒక్క సౌకర్యం. నేను చేరిన రోజే అది 41 రోజులకు రద్దయిపోయింది.

ముల్లు ఎక్కేలోపు స్వామి ఇంకోమాట చెప్పాడు. "యూరియా తగ్గింది స్వామీ, పోసుకోవాల."

మా నాయన వరిమడికి చల్లేదే నాకు తెలిసిన యూరియా. "మూట యాడుంది?" అన్నాను. వేరే క్లీనరైతే నవ్వి నేలమీద దొర్లేవాడు. వీడు మొహం పక్కకు తిప్పుకుని "శరణమయ్యప్పా" అన్నాడు. తర్వాత నీలం మూతున్న చిన్న ట్యాంకు చూపించాడు. బీఎస్ 6 బండ్ల పొగలో విషం తగ్గించడానికి పోసే ద్రవమట. అందులో యూరియా 32.5 శాతం, తక్కినదంతా శుద్ధి చేసిన నీళ్ళు. డ్రైవర్లు దాన్ని ముద్దుగా యూరియా అంటారు. మూట అడిగినవాణ్ణి మాత్రం నేనేనట, ఇంతవరకు.

రేణిగుంట అవతల, రాళ్ళు పిండికొట్టే క్రషర్లో ఎం శాండ్, అంటే రాతి ఇసుక, ఎత్తుకున్నాం. మా వైపు ఇసుకైనా జల్లైనా లెక్క యూనిట్లలోనే, 100 ఘనపుటడుగులు ఒక యూనిట్. మాది 3.5 యూనిట్లు, తూకంలో 16 టన్నుల దగ్గర. బండి, సరుకు కలిపి 28.5 టన్నులు దాటకూడదు, దాటలేదు. కాటా చీటీ జేబులో పెట్టుకుని, పట్ట కప్పించి, తిరుచానూరు దాటి తుమ్మలగుంట వైపు బయల్దేరాను. దారి పొడుగునా జనం కొండ వైపు తిరిగి దండం పెట్టుకుంటూ ఉంటారు కదా. నా రెండు చేతులూ స్టీరింగుకు అతుక్కుపోయి ఉన్నాయి. దండం కళ్ళతోనే పెట్టేశాను. ఆ చిన్న లోపమే ఆయన మనసులో పెట్టుకున్నాడేమో!

ఇసుక పొయ్యాల్సింది ఒక కొత్త కాలనీలో, సగం లేచిన ఇంటి ముందర. వీధి మా బండికి జానెడు తక్కువ. స్వామి వెనక నిలబడి రివర్సు చెప్పడం మొదలుపెట్టాడు.

"రండి స్వామీ, రండి, రండి... ఎడమకు స్వామీ... రండి..."

ఈ కేకలకు పక్కింటి గేటు తెరుచుకుంది. పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ తొంగిచూసి, లోపలికి తిరిగి "అమ్మాయ్, ఎవరో స్వాములొచ్చారు, గిన్నెడు బియ్యం తీసుకురా" అంది. స్వామి ఆ బియ్యం తీసుకుని కళ్ళకద్దుకుని జోలెలో పోసుకుని తిరిగొచ్చేలోపు నేను ఒక కరెంటు స్తంభాన్ని అంగుళం తేడాతో వదిలిపెట్టాను.

"హోల్డాన్ స్వామీ!"

ఆగాను. స్వామి డాలా, అంటే వెనక తలుపు, గొళ్ళెం తీశాడు. ఇంజన్ బలం జాకీకి అందించే పీటీవో వేసి జాకీ లేపాను. బాడీ మెల్లగా పైకి లేస్తా ఉంటే కిటికీలోంచి తల బయట పెట్టి పైకి చూశాను. పైన కరెంటు తీగలు. డ్రైవింగ్ స్కూలు మాస్టారు "కింద ఎవరున్నారో తర్వాత చూడు, ముందు పైన తీగ చూడు" అని పదిసార్లు చెప్పాడు. ఆ ఒక్క పాఠం మాత్రం నేను శ్రద్ధగా నేర్చుకున్నాను. సగంలోనే ఆపేశాను.

సగం లేపితే ఎం శాండ్ జారదు. అసలే కడిగి ఇచ్చే సరుకు, పైగా రాత్రంతా కార్తీకమాసం వాన. తడిసి బాడీకి పిండిముద్ద మాదిరి పట్టుకుని కూర్చుంది. స్వామి పారతో బాడీని దబదబా కొట్టాడు. పిడికెడు రాలింది. మేస్త్రీ వచ్చి చూసి, తల గోక్కుని, "పక్కింటి ముందర తీగల్లేవు. ఆడికి పోయి ఫుల్లుగా లేపు. రెండడుగులు ముందుకు పోయి టక్కన బ్రేకు కొట్టు. కదులుతాది. కదిలినాక మళ్ళీ ఈడికొచ్చి పొయ్యి" అన్నాడు.

లేపిన బాడీతో బండిని కదపనే కూడదు, పక్కకు పడిపోతుంది, మనుషులు పోతారు. ఈ సంగతి మా ఓనరు సాయంత్రం నాకు వివరంగా చెప్పాడు, మధ్యమధ్యలో మా వంశాన్ని కూడా కలుపుకుంటూ. పొద్దున మాత్రం మేస్త్రీ మాట నాకు వేదంలా వినిపించింది.

పక్కింటి ముందుకు పోయాను. ఫుల్లుగా లేపాను. రెండడుగులు ముందుకు పోయి, టక్కన బ్రేకు కొట్టాను.

మొదట 'సర్ర్' అని ఒక చిన్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీలేనితనంలో క్యాబిన్లో నిమ్మకాయలు ఊగడం కూడా నాకు వినిపించింది. ఆ తర్వాత 'దబ్బ్'! బండి ఒక్కసారిగా బరువు దించుకున్న గాడిద మాదిరి ఎగిరి కుదురుకుంది. సైడు అద్దంలో చూస్తే పక్కింటి గేటు లేదు. ఆ గేటు మీద ఇనప అక్షరాలతో 'సుస్వాగతం' అని రాసి ఉండేదట. నాకు కనిపించింది 'సు' ఒక్కటే.

ఇసుక అవతల, ఇంటి ఆవరణలో ఒక కారు స్టార్టింగులో ఉంది. బానెట్ మీద పసుపు, కుంకుమ, చామంతి దండ. కారు లోపల పట్టుచీర పెద్దావిడ, ఆమె కూతురు, ఇద్దరు పిల్లలు. స్టీరింగు ముందు అల్లుడుగారు. తెనాలి నుంచి వచ్చారట. ఒత్తయిన ఉంగరాల జుట్టు, కొసలు మెలితిప్పిన మీసం. మనిషికంటే ముందు మీసం దిగింది కారులోంచి.

"ఏంటయ్యా ఇది? 300 రూపాయల టికెట్లు! మూడు నెలల కిందట ఫోను చేత్తో పట్టుకుని నిద్ర మానుకుని బుక్ చేశాను! పదకొండు గంటల స్లాటు! ఎవడ్రా ఇక్కడ పొయ్యమన్నది?"

దగ్గరలో ఉన్నది క్లీనరే. ఆయన వేలెత్తి వాడి మీదకి ఒకడుగు వేశాడు. నల్ల చొక్కా, మాల కనిపించాయి. ఎత్తిన వేలు పక్కవాటితో కలిసి నమస్కారమైపోయింది. "స్వామి శరణం" అన్నాడు. వాడూ "స్వామి శరణం" అన్నాడు. అప్పుడాయన అక్కడ మిగిలిపోయిన తిట్లన్నీ మూటగట్టుకుని నా వైపు తిరిగాడు. ఇద్దరికి తయారుచేసినవి కలిపి ఒకడికే పడితే ఎట్లా ఉంటుందో నాకు తెలిసింది.

ఆ ఇంటికి ఇంకో దారి లేదు. ఇక మేస్త్రీ తెలివి మళ్ళీ పనిచేసింది. సెంట్రింగు చెక్క తెచ్చి కుప్ప మీద వాలుగా వేశాడు. ముందు పిల్లలు ఎక్కి దిగారు, దిగి మళ్ళీ ఎక్కారు, ఇంకోసారి ఎక్కుతామన్నారు. పెద్దావిడ స్వామి చెయ్యి పట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తుకుని, కుప్ప నడినెత్తిన ఒక్క క్షణం ఆయాసం తీర్చుకుంది. "అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కలేనురా తండ్రీ, కారులో వస్తానని చెప్పుకున్నాను. ఊరుకున్నావు కదయ్యా అనుకున్నాను. ఇక్కడ ఎక్కిస్తున్నావా!" అని కొండ వైపు చూసి చెంపలేసుకుంది.

వాళ్ళు ఆటో పట్టుకుని కొండ బస్సు కోసం పోయారు. కుప్ప, నేను మిగిలాం.

ఓనరుకు ఫోన్ చేశాను. జేసీబీ పంపమన్నాను. "నీ చేత్తో పోసినావు, నీ చేత్తోనే ఎత్తు" అని పెట్టేశాడు. ఇసుక కొన్నాయన "నా ఇంటి ముందర పడితేనే దుడ్లు" అని కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక పార, మూడు తట్టలు, ఇద్దరు కూలీలు దొరికారు. మనసులో లెక్క వేశాను. 350 అడుగులు, తట్టకు అర అడుగు అనుకుంటే 700 తట్టలు. లెక్క వెయ్యకుండా ఉండాల్సింది.

112 వరకు లెక్కపెట్టాను, తర్వాత నడుము లెక్కపెట్టింది. అంతలో కుప్ప పడిన ఇంటి పెద్దాయన బయటికొచ్చాడు. తిడతాడనుకున్నాను. ఇసుక చేతిలోకి తీసుకుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"సరుకు బాగుండాదే అబ్బయ్యా. యూనిట్ ఎంత?"

"సామీ, అది పక్కాయనది..."

"పక్కాయనదైతే పక్కాయన ఇంటి ముందర ఉండాల. మా వాకిట్లో ఉండాది. అర యూనిట్ వదిలెయ్. తులసికోట కట్టించాలని రెండేండ్ల నుంచి అనుకుంటా ఉండా."

కుర్చీలో కూర్చున్నాయన లేచి వచ్చాడు. ఇద్దరూ కుప్పకు అటొకరు ఇటొకరు నిలబడి బేరం మొదలుపెట్టారు. కుప్పలోంచి తట్టలు పోతా ఉంటే బేరం వస్తువు తగ్గిపోతోందని పెద్దాయన నన్ను పని ఆపమన్నాడు. ఇసుకాయన ఆపొద్దన్నాడు. నేను పార పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. ఆ పది నిమిషాలే ఆ రోజు నాకు దొరికిన రెస్టు.

మధ్యాహ్నానికి స్వామి పార గోడకు ఆనించాడు. "స్వామీ, భిక్ష టైమయింది. గుడి కాడికి పోవాల" అన్నాడు. మాలలో ఉన్నవాడికి పగలు అదొక్కటే భోజనం. నోరు మూసుకుని దండం పెట్టాను. వాడు పొయ్యాడు. తిరిగొచ్చినప్పుడు వాడి మొహంలో ఉన్న తృప్తి చూస్తే వచ్చే ఏడు నేనూ మాల వేద్దామనిపించింది, కనీసం టిప్పర్ ఎక్కే రోజుల వరకైనా.

సాయంత్రం దీపాల వేళకు కుప్ప తరిగి నాలుగైదు తట్టలకు వచ్చింది. కళ్ళల్లో ఇసుక, చెవుల్లో ఇసుక, నోట్లో కరకరమంటూ ఇసుక. అప్పుడు ఆటో దిగి ఒక మనిషి నా దగ్గరికొచ్చాడు. నున్నటి గుండు, గుండు నిండా గంధం, మీసం లేదు, చేతిలో లడ్డూ కవరు. మొహంలో చెప్పలేని ప్రశాంతత. కవర్లో చెయ్యి పెట్టి ఒక లడ్డూ తీసి నాకు చాచాడు.

"పొద్దున్నించి ఇక్కడే ఉన్నావా బాబూ?"

ఒక్క మనిషి చల్లగా మాట్లాడేసరికి నాకు దుఃఖం పొంగింది. "ఉండక యాడికి పోతా సామీ! ఇసుక సంగతి పోనీ. ఎత్తేస్తాం. పొద్దున ఈ ఇంట్లో తెనాలి నుంచి వచ్చినాడు ఒకాయన. ఈ లావు మీసం. నోరు కాదు సామీ అది, క్రషర్! ఆ మనిషికి దర్శనం దొరికిందో లేదో గానీ, దొరికుంటే మాత్రం ఆ దేవుడికి ఓపిక చాలా..."

ఆటోలోంచి దిగుతున్న పట్టుచీర పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ మనిషి చెయ్యి అలవాటుగా పైపెదవి మీదికి పోయి, అక్కడ తిప్పడానికి ఏమీ లేక ఆగిపోయింది.

లడ్డూ మెల్లగా కవర్లోకి తిరిగిపోయింది.