సెంటర్ కాలేజీ గెలుపు అదృష్టం కాదు
1921 అక్టోబర్ 29న అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి చెందిన సెంటర్ కాలేజీ 6-0తో హార్వర్డ్‌ను ఓడించడం ‘కేవలం అదృష్టం’ అని ఒక వ్యాసంలో రాసిన మాటతో నేను ఏమాత్రం ఏకీభవించను. అంతకుముందు ఏడాది ఇదే జట్టు హార్వర్డ్ మైదానంలోనే 31-14తో ఓడిన సంగతి వ్యాసకర్త వదిలేశారు. ఆ రోజు సగం ఆట ముగిసేసరికి స్కోరు 14-14! అంటే అప్పటికే వాళ్లు సమఉజ్జీలు. చివరిదాకా నిలబడలేకపోయారు, అంతే. మరుసటి ఏడాది మూడో క్వార్టర్‌లో సెంటర్ ఆటగాడు బో మెక్‌మిలిన్ బంతి పట్టుకుని ఒక పక్కకు దూసుకెళ్లి, చటుక్కున లోపలికి మళ్లి, 32 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటించి ఆ 6 పాయింట్లు తెచ్చాడు. ఆ తర్వాత హార్వర్డ్‌కు ఒక్క పాయింటు కూడా దక్కనివ్వలేదు. అంతసేపు కోటలా కాచుకోవడాన్ని అదృష్టమంటారా? 300 మంది విద్యార్థులైనా లేని కాలేజీ అది. మా ఊరి చిన్న కాలేజీ కబడ్డీ జట్టులో ఆడినవాణ్ణి. పెద్ద కాలేజీని ఓడించిన రోజు మేమూ ఇదే మాట విన్నాం, ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. సెంటర్ కాలేజీ ఉన్న డాన్‌విల్‌లో ఆ స్కోరును రసాయన సూత్రంలా ‘సీ6హెచ్0’ (సెంటర్ 6, హార్వర్డ్ 0) అని గోడల మీద రాసుకున్నారు.