వాన పడకపోయినా కొండ విరిగిపడుతుంది

కొండచరియలు విరిగిపడటం అనగానే విజయవాడ వాళ్లకు వాన గుర్తుకు రావడంలో ఆశ్చర్యమేమీ లేదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో ఇళ్ల మీద బండరాళ్లు పడి ప్రాణాలు పోయింది కుండపోత వానలోనే. చిక్కల్లా ఈ అనుభవంతోనే హిమాలయాలనూ కొలవడంలో ఉంది. చార్‌ధామ్ యాత్రకు బయలుదేరే కుటుంబాలు మొదట అడిగేది అక్కడ వానలు ఎప్పుడు మొదలవుతాయనే. ట్రావెల్స్ వాళ్లు కూడా "వానలు రాకముందే తిరిగి వచ్చేస్తామండీ, భయపడాల్సిన పనిలేదు" అని భరోసా ఇస్తారు. ఆ ఒక్క భరోసా ఇప్పుడు చాలదని నా అభిప్రాయం.

2021 ఫిబ్రవరి 7, ఆదివారం ఉదయం. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఆ సమయానికి వాన లేదు. రోంటీ శిఖరం వాలు నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయి, మంచు ఒక్కసారిగా ఊడి లోయలో పడ్డాయి. అందులో దాదాపు 80 శాతం రాయే. పడుతున్నప్పుడు పుట్టిన రాపిడి వేడికి మంచు కరిగి, రాయి పిండై, ఆ బురద ప్రవాహం రిషిగంగ విద్యుత్ కేంద్రాన్ని తుడిచిపెట్టి, తపోవన్ జలవిద్యుత్ ప్రాజెక్టు సొరంగంలో పనిచేస్తున్న కూలీల మీదికి వచ్చింది. చనిపోయినవారు, ఆచూకీ లేనివారు కలిపి రెండు వందల మందికి పైనే. ఈ ఒక్క ఘటనకు భూతాపమే కారణమని శాస్త్రవేత్తలు తేల్చి చెప్పలేదు, నేనూ చెప్పను. అయితే ఇలాంటివి పెరగడానికి అనువైన పరిస్థితి ఎత్తైన పర్వతాలన్నిటా ఏర్పడుతోందన్నది మాత్రం నిజం.

ఆ ఎత్తుల్లో రాతి పగుళ్ల నిండా ఏళ్ల తరబడి కరగని మంచు ఉంటుంది. గోడ రాళ్ల మధ్య సిమెంటు చేసే పనే అక్కడ అది చేస్తుంది. పట్టు సడలడానికి ఆ మంచు పూర్తిగా కరగనక్కరలేదు, సున్నాకు ఒకటి రెండు డిగ్రీల దిగువ దాకా వేడెక్కితే చాలు. పైన కరిగిన నీరు పగుళ్లలోకి దిగితే వేడినీ లోపలికి మోసుకుపోతుంది, ఒత్తిడినీ పెంచుతుంది. ఇక నీటి సాయం లేకుండా రాతి గుండానే దిగే వేసవి వేడికి పది మీటర్ల లోతు చేరడానికి నెలలు పడుతుంది కనుక, ఎండాకాలం చేసిన చెరుపు చలికాలంలో బయటపడవచ్చు. "ఇది సురక్షితమైన నెల" అన్న మన పాత లెక్క ఇక్కడే తప్పుతుంది. దీనికి తోడు, లోయ గోడలకు ఆసరాగా ఉన్న హిమానీనదాలు కుంచించుకుపోవడంతో నిటారు వాలులు ఆధారం లేకుండా మిగిలిపోతున్నాయి.

వాన ప్రమాదం తగ్గిందని ఇక్కడ ఎవరూ అనుకోకూడదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. ఎత్తైన ప్రాంతాల్లో ఒకప్పుడు మంచుగా కురిసి మెల్లగా కరిగేది ఇప్పుడు వానగా పడి వెంటనే వాలు మీద పరుగెడుతోంది కాబట్టి, అక్కడ భారీ వానల తీవ్రత డిగ్రీకి సుమారు 15 శాతం చొప్పున పెరుగుతుందని 2023లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

అదే ఏడాది అక్టోబరులో సిక్కింలోని దక్షిణ లోనక్ సరస్సులోకి పక్కనున్న మంచుమట్టి గట్టు జారిపడింది. లేచిన అలకు సరస్సు గట్టు తెగి, ఎక్కడో దిగువన చుంగ్‌థాంగ్ దగ్గరున్న తీస్తా-3 ఆనకట్ట కొట్టుకుపోయింది. స్విట్జర్లాండ్‌లోని బ్లాటెన్ గ్రామాన్ని 2025 మే 28న హిమానీనదం కూలి పూడ్చేసినప్పుడు మాత్రం ఊళ్లో మనుషులు లేరు; కొండ కదులుతోందని గమనించి, సుమారు మూడు వందల మందిని ముందే ఖాళీ చేయించారు. అది చిన్న దేశం, డబ్బున్న దేశం, ఒప్పుకుంటాను. హిమాలయాల్లో ప్రతి శిఖరానికీ పరికరాలు పెట్టమని ఎవరూ అడగడం లేదు. వందల మంది కూలీలను సొరంగంలోకి దింపే ముందు ఆ నది ఎగువన ఏ వాలు కదులుతోందో ఉపగ్రహ చిత్రాల్లో చూడటం మాత్రం గొంతెమ్మ కోరిక కాదు.

నాకు నిజంగా ఒళ్లు మండేది ఇంకొకటి ఉంది. ఈ మధ్య ఏ ప్రమాదం జరిగినా నాయకులకూ అధికారులకూ వాతావరణ మార్పు అనే మాట భలే అక్కరకు వస్తోంది. ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ పాత కొండచరియల శిథిలాల మీద నిలిచిన ఊరనీ, అక్కడ భారీ నిర్మాణాలు వద్దనీ ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. 2023 జనవరిలో అక్కడి ఇళ్లు బీటలు వారితే ఆ నేరాన్ని భూతాపం మీదికి నెట్టడం ఎలా కుదురుతుంది? మన మొగల్రాజపురంలోనూ అంతే, ఆ కొండలో కరగడానికి మంచు లేదు. అక్కడ చూడవలసినవి కొండను ఎక్కడ తొలిచారు, నీరు పోయే దారి ఉందా, అడ్డుగోడ కట్టారా అన్నవే. రెండు రకాల ప్రమాదాలనూ ఒకే గాటన కడితే, ఇక్కడ కొండ తవ్వినవాడూ తప్పించుకుంటాడు, అక్కడ శిఖరాల మీద నిఘా పెట్టవలసినవాడూ తప్పించుకుంటాడు.

కనుక ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చేటప్పుడు కట్టే చోటును మాత్రమే పరీక్షించి సంతకం పెట్టే పద్ధతి మారాలి. తపోవన్‌ను ముంచిందీ, చుంగ్‌థాంగ్‌ను ముంచిందీ నిర్మాణ స్థలంలోని లోపం కాదు, కిలోమీటర్ల దూరంలో పైన జరిగినది. అలాగే యాత్రికులను పంపేవాళ్లు వాన సూచనతో పాటు, దారిలో ఏ నది ఎగువన హెచ్చరిక సైరన్ ఉందో, రాత్రి బస చేసే హోటల్ నదికి ఎంత ఎత్తులో ఉందో కూడా టికెట్ తీసుకునే రోజే చెప్పాలి.