హిమా దాస్ పరుగు పక్కనే జరిగిన ఆ 1500 మీటర్లు

2018 జులైలో ఫిన్లాండ్‌లోని టాంపెరె అనే ఊరి పేరు మనవాళ్లకు ఒక్కసారిగా నోటికొచ్చేసింది. ప్రపంచ అండర్-20 అథ్లెటిక్స్‌లో హిమా దాస్ 400 మీటర్లను 51.46 సెకన్లలో పరిగెత్తి బంగారం గెలిచింది. చివరి వంద మీటర్లలో ఆమె ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చిన వీడియో అందరి వాట్సాప్‌లోకీ వచ్చింది. అవే పోటీల్లో, అదే ట్రాక్ మీద కుర్రాళ్ల 1500 మీటర్ల ఫైనల్ కూడా జరిగింది. దాన్ని ఇక్కడ పట్టించుకున్నవాళ్లు లేరు.

కెన్యా కుర్రాడు జార్జ్ మనంగోయ్ 3 నిమిషాల 41.71 సెకన్లలో గెలిచాడు. నార్వే కుర్రాడు యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ 3:41.89తో రెండోవాడు. ఆ వేగంలో ఇద్దరి మధ్య దూరం మీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. పది రోజులు తిరక్కముందే మొనాకోలో అదే యాకోబ్ అదే దూరాన్ని 3:31.18లో పూర్తి చేశాడు. పది సెకన్ల తేడా! ఆగస్టులో బెర్లిన్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో పెద్దవాళ్లను ఓడించి 1500, 5000 రెండూ గెలిచాడు. అప్పటికి అతనికి 17 ఏళ్లు. టోక్యో ఒలింపిక్స్ బంగారం తర్వాతి సంగతి.

మరి టాంపెరెలో ఎందుకు ఓడాడు? మొనాకో లాంటి డబ్బు పోటీల్లో ముందుండి వేగం పెంచే పేస్‌మేకర్ ఉంటాడు. ఛాంపియన్‌షిప్‌లో ఉండడు. ముందు పరిగెత్తేవాడే గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనకవాళ్లకు ఆ శ్రమ లేదు. అందుకే ఎవరూ ముందుకు రారు, గుంపుగా సాగుతారు. లోపలి గీత పక్కన ఉన్నవాడు ఇరుక్కుపోతాడు. బయటి నుంచి దాటుదామంటే దూరం పెరుగుతుంది: ఒక రౌండంతా రెండో లేన్‌లో పరిగెత్తితే ఏడున్నర మీటర్లు అదనం. చివరికి 1500 మీటర్ల రేసు కాస్తా ఆఖరి రౌండ్ రేసుగా మారిపోతుంది.

అలాగని జార్జ్ గెలుపు గాలివాటం కాదు. ఎప్పుడు కదలాలో తెలియడం కూడా విద్యే. అతని అన్న ఎలైజా అంతకుముందు ఏడాదే ఇదే దూరంలో ప్రపంచ ఛాంపియన్, పాఠం ఇంట్లోనే దొరికింది. కెన్యాకే చెందిన డేవిడ్ రుడీషా కూడా 2006లో బీజింగ్‌లో జూనియర్ 800 మీటర్ల బంగారం గెలిచింది 1:47.40 టైమ్‌తో. ఆ అంకె చూసి ఇతను ఆరేళ్లలో లండన్‌లో 1:40.91తో ప్రపంచ రికార్డు కొడతాడని ఎవరు చెప్పగలరు?

టైమ్ చూసి గుర్తుపట్టగలిగిన సందర్భాలూ లేకపోలేదు. బోట్స్వానా కుర్రాడు నైజెల్ ఆమోస్ 2012 జూనియర్ పోటీల్లో, బార్సిలోనాలో 1:43.79 పరిగెత్తాడు. నెల తిరక్కుండానే లండన్‌లో రుడీషా వెనక 1:41.73తో ఒలింపిక్ రజతం. గీత దాటగానే కుప్పకూలితే స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. బార్సిలోనాలో నెలకొన్న ఆ జూనియర్ పోటీల రికార్డును 2021లో నైరోబీలో కెన్యా కుర్రాడు ఇమ్మాన్యుయేల్ వాన్యోన్యీ 1:43.76తో చెరిపేశాడు. మధ్యలో తేడా 0.03 సెకనే. దారులు మాత్రం పూర్తిగా వేరు. ఆమోస్‌కు మరో ఒలింపిక్ పతకం రాలేదు, 2022లో డోపింగ్‌లో దొరికి నిషేధానికి గురయ్యాడు. చదువు మానేసి పశువులు కాసిన వాన్యోన్యీకి 2007 ప్రపంచ ఛాంపియన్ జానెత్ జెప్‌కోస్‌గే అండ దొరికింది. పారిస్ ఒలింపిక్స్‌లో 1:41.19తో బంగారం తెచ్చుకున్నాడు. జూనియర్ పతకం తర్వాత ఎవరి చేతిలో పడతామన్నది చిన్న విషయం కాదు.

పతకాన్ని దాటి చూసే ఈ చూపు మనకు తక్కువ. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ 800 మీటర్ల ఫైనల్లో శ్రీరామ్ సింగ్ మొదటి రౌండ్ అందరికంటే ముందు, 50.85 సెకన్లలో పరిగెత్తాడు. ఆ ఊపులోనే క్యూబా ఆటగాడు హువాంటొరెనా ప్రపంచ రికార్డు కొట్టాడు. మనవాడు ఏడోవాడయ్యాడు కానీ, అతని 1:45.77 జాతీయ రికార్డుగా 42 ఏళ్లు నిలిచింది. 2018 జూన్‌లో గువాహటిలో కేరళ ఆటగాడు జిన్సన్ జాన్సన్ దాన్ని దాటాడు. హిమా సంబరాల్లో ఆ వార్త గుర్తున్నవాళ్లెందరు?

రెండేళ్ల కిందట మా జిల్లా స్కూల్ మీట్‌లో 800 మీటర్లు చూశాను. 200 మీటర్ల మట్టి ట్రాక్, సగం చెరిగిన సున్నం గీతలు, నాలుగు రౌండ్లు. ఒకడు వంద మీటర్ల రేసనుకుని దూకాడు, మూడో రౌండ్‌కు నడక మొదలుపెట్టాడు. ఇంకో బక్కపలచని పిల్లాడు లోపల ఇరుక్కున్నాడు. చివరి మలుపులో బయటికొచ్చి, అందరినీ చుట్టుకుంటూ వచ్చి ఒక్క అడుగు తేడాతో ఓడిపోయాడు. వాడి టైమ్ ఎంతని పీఈటీ సార్‌ని అడిగాను. స్టాప్‌వాచ్ మొదటివాడి దగ్గరే ఆపేశారట.

"వాడు సెకండే కదండీ" అన్నారు.