పాస్‌వర్డ్ పారాయణం

చెవులింకా వేడిగానే ఉన్నాయి కాబట్టి మొదటి భాగం గబగబా చెప్పేస్తాను. పొద్దున్నే వీపీఎన్, అంటే బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి, ఎవరికీ కనెక్ట్ కాలేదు. పాస్‌వర్డ్ తప్పని కూడా అనడం లేదు, అసలు సర్వరే పలకడం లేదంటోంది. నెట్‌వర్క్ టీమ్ వాళ్లు అలవాటు ప్రకారం "మా వైపు అంతా బాగుంది, మేమేం ముట్టుకోలేదు" అని రాసి పడేశారు. అలా వచ్చేవాళ్ల పాస్‌వర్డ్‌లు సరిచూసే ఫ్రీరేడియస్ సర్వర్ నా నెత్తిన ఉంది గనక మేనేజర్ గారు కాల్ పెట్టి, "స్క్రీన్ షేర్ చెయ్, అందరం చూద్దాం" అన్నారు. అందరం అంటే ఎంతమందో నేను చూసుకోలేదు.

ఫ్రీరేడియస్‌కి జబ్బు చేస్తే ముందు చెయ్యాల్సిన పని ఒకటే. నడుస్తున్న సర్వీసు ఆపి, కమాండ్ చివర డాష్ క్యాపిటల్ ఎక్స్ (-X) తగిలించి చేత్తో నడపాలి. ఆపకుండా నడిపితే, లాగిన్లు వచ్చే 1812 పోర్టు ఖాళీ లేదని మొరాయిస్తుంది. చిన్న ఎక్స్ ఒక్కటే పెడితే వాగుడు కాస్త పెరుగుతుంది గానీ, అది తెర వెనక్కి వెళ్లిపోతుంది. పెద్ద ఎక్స్ పెడితే మాత్రం ఎదురుగా నిలబడి, ఏ ఫైలు తెరిచిందో, ఏ మాడ్యూల్ ఎక్కించిందో, ఎవరు ఏం పంపారో సమస్తం ఏకరువు పెడుతుంది. దేన్నీ దాచుకోదు. ఆ గుణం చూసే నాకు దానిమీద గౌరవం. ఉండేది.

నా లాగిన్‌తోనే ప్రయత్నించమన్నారు. యూజర్ పాస్‌వర్డ్ అన్న చోట వెనక్కి వాలిన గీతలూ అంకెలూ బారులు తీరాయి. "చూశారా! పాస్‌వర్డ్ అంటే అలా ఉండాలి" అని మేనేజర్ గారు అందరికీ నన్ను ఆదర్శంగా చూపించారు. దాని కిందే హెచ్చరిక ఉంది: పాస్‌వర్డ్‌లో అచ్చుకి రాని అక్షరాలున్నాయి, షేర్డ్ సీక్రెట్ రెండువైపులా సరిచూసుకోండి అని. షేర్డ్ సీక్రెట్ అంటే వీపీఎన్ పరికరానికీ సర్వర్‌కీ మధ్య ముందే ఒప్పుకున్న రహస్య పదం.

మా వీపీఎన్ డబ్బా పాతకాలపుది. పాస్‌వర్డ్‌ని ఆ సీక్రెట్‌తో, ఎండీ5 అనే పాత గజిబిజి లెక్కతో కలిపి మరుగుపరిచి పంపుతుంది. రెండువైపులా సీక్రెట్ ఒకటి కాకపోతే ఇవతల విప్పినప్పుడు చెత్తే మిగులుతుంది. సర్వర్ పాపం 'కుదరదు' అని జవాబు ఇస్తూనే ఉంది. సీక్రెట్ కలవలేదు గనక డబ్బా ఆ జవాబుని నమ్మక, పారేసి, సర్వర్ పలకలేదని చాడీలు చెబుతోంది. ఇంతా చేస్తే, ఏమీ ముట్టుకోని నెట్‌వర్క్ టీమ్ రాత్రి సీక్రెట్ మార్చింది. మెయిల్లో వాక్యం చివరున్న ఫుల్‌స్టాప్‌తో సహా కాపీ చేసి అతికించింది. ఫుల్‌స్టాప్ ఎలా వచ్చిందని అడిగితే ఎవరి మైకూ పనిచెయ్యలేదు.

చడీచప్పుడు లేకుండా సరిచేశారు. "మళ్లీ చూడు" అన్నారు మేనేజర్ గారు. చూశాను. ఈసారి సర్వర్ నా పాస్‌వర్డ్‌ని శుభ్రంగా విప్పి, కొటేషన్ల మధ్య పెట్టి, తెరమీద ప్రదర్శించింది.

ఇక్కడ మా పాస్‌వర్డ్ నిబంధనల గురించి చెప్పాలి. మూడు నెలలకోసారి మార్చి తీరాలి. పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, ఏదో ఒక గుర్తు ఉండాలి, వాడింది మళ్లీ వాడకూడదు. దేవుళ్ల పేర్లు అయిపోయాయి, చుట్టాల పేర్లు అయిపోయాయి. ఒక శనివారం అర్ధరాత్రి, సోమవారం చేసుకోదగ్గ అప్‌గ్రేడ్ చేస్తూ, ఇంగ్లీషు అక్షరాల్లో స్వచ్ఛమైన తెలుగు ప్రార్థన ఒకటి పెట్టుకున్నాను: దేవుడా_ఈ_మేనేజర్ని_బదిలీ_చెయ్. చివర ఒక ఎట్, ఒక అంకె.

ఇంగ్లీషు అక్షరాల తెలుగు కంటితో చూస్తే తెలియదు, నోటితో చదవాలి. ఆయన మైకులో చదివారు. "దే... వు... డా." అండర్‌స్కోర్ దగ్గర ఊపిరి తీసుకున్నారు. "ఏదో భక్తి శ్లోకంలా ఉందే!" నేను కంగారులో కంట్రోల్ సీ కొట్టాను. దాంతో సర్వర్ ఆగిపోయింది. అది నడుస్తూ ఉంటే ఇంకెవరిదో లాగిన్ వచ్చి నా వరసని పైకి నెట్టేసేది. ఆగిపోయింది గనక శిలాశాసనంలా అక్కడే నిలిచింది. తెర తుడిచే 'క్లియర్' టైపు చెయ్యబోతే వేళ్లు వణికి ఇంకేదో పడింది. అలాంటి కమాండ్ లేదని షెల్ నాకు సమాధానమిచ్చింది. ఆయన ఈలోగా "ఈ... మే... నే..." దాకా వచ్చారు. షేరింగ్ ఆపే బటన్ ఎప్పుడూ పైన ఉంటుంది కదా, ఇవాళ కనబడలేదు. "బ... ది... లీ..."

తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

"చివర ఆ 7 ఏమిటి?" అన్నారాయన, చాలా మర్యాదగా.

నేను నోరు తెరిచేలోగా నెట్‌వర్క్ టీమ్ నుంచి ఒక గొంతు: "మూడు నెలలకోసారి మార్చాలి కదా సార్, అంకె పెంచుకుంటూ వస్తున్నట్టున్నారు. మీరు ఈ టీమ్‌కి వచ్చి కూడా అంతే అయినట్టుంది."

మైకు బ్రహ్మాండంగా పనిచేసింది.