కోడ్ మారితే డాక్స్ బిల్డ్ కూడా ఆగాలి

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం కావాలంటే డేట్‌టైమ్‌లోని యూటీసీనౌ ఫంక్షన్ వాడమని ఏళ్ల తరబడి ఎన్నో ట్యుటోరియళ్లు చెప్పాయి. 2023 అక్టోబర్‌లో వచ్చిన 3.12 వెర్షన్ దాన్ని ఇక వాడొద్దంది. ఆ ఫంక్షన్ ఇచ్చేది యూటీసీ సమయమే. కానీ దానికి టైమ్‌జోన్ గుర్తు ఉండదు. గుర్తు లేని సమయాన్ని టైమ్‌స్టాంప్‌గా, అంటే సెకన్ల లెక్కగా మార్చమంటే పైథాన్ దాన్ని ఆ కంప్యూటర్ ఉన్న చోటి సమయం అనుకుంటుంది. భారత కాలమానంలో నడిచే సర్వర్‌పై లెక్క ఐదున్నర గంటలు, అంటే 19,800 సెకన్లు వెనక్కి పోతుంది. ఎర్రర్ ఏమీ రాదు.

పైథాన్ అధికారిక డాక్స్‌లో (వాడే తీరు వివరించే డాక్యుమెంటేషన్ పేజీల్లో) ఈ హెచ్చరిక ఆ ఫంక్షన్ వివరణ పక్కనే ఉంది. దాన్ని తమ ఉదాహరణల్లో వాడుకున్న ఇతర ప్రాజెక్టుల పేజీలకు మాత్రం ఆ కబురు దానంతట అది చేరదు. అక్కడి ఉదాహరణ ఇవాళ్టికీ నడుస్తుంది, కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు.

గిట్‌హబ్ 2017లో చేసిన ఓపెన్ సోర్స్ సర్వేలో అసంపూర్తి డాక్స్, పాతబడిన డాక్స్ తమకు ఎదురయ్యాయని చెప్పినవారు 93 శాతం. కోడ్ అందించేవారిలో 60 శాతం మంది డాక్స్ జోలికి అరుదుగా వెళ్తామనో, అసలు వెళ్లమనో చెప్పారు. ఈ రెండు అంకెలు చూసి రాసేవాళ్ల బద్ధకం అనేయడం తేలిక. అది అన్యాయం కూడా. కోడ్‌లో తప్పు జరిగితే టెస్టు ఫెయిలై, ఆ మార్పు అసలు కోడ్‌లో కలవడం (మెర్జ్) ఆగుతుంది. డాక్స్‌లో తప్పు మిగిలితే ఏదీ ఆగదు. జీతం లేకుండా రాత్రిపూట పనిచేసే మెయింటెయినర్ (ప్రాజెక్టు బాగోగులు చూసే వ్యక్తి) జ్ఞాపకశక్తి మీద ఈ భారమంతా వేసి, ఆయన మరిచిపోయారని నిందించడంలో అర్థం లేదు. కోడ్ మారగానే డాక్స్ బిల్డ్, అంటే రాసిన ఫైళ్ల నుంచి పేజీలు తయారయ్యే పని, ఆగిపోయేలా కట్టుకోవడమే మార్గం. దానికి కావలసిన పనిముట్లు ఎప్పటినుంచో ఉన్నాయి, వాటిని పూర్తిగా వాడుకునే ప్రాజెక్టులే తక్కువ.

పైథాన్ ప్రపంచంలో డాక్స్ తయారీకి ఎక్కువగా వాడే స్ఫింక్స్‌నే తీసుకుందాం. పేజీలో ఫంక్షన్ పేరును రెండు రకాలుగా రాయొచ్చు. డబుల్ బ్యాక్‌టిక్‌ల మధ్య పెడితే అది ఉత్త అక్షరాలే, ఆ ఫంక్షన్‌ను రేపు తీసేసినా పేజీ అలాగే ఉంటుంది. ఫంక్ అనే రోల్‌తో (పేరు ముందు పెట్టే గుర్తుతో) రాస్తే, స్ఫింక్స్ తాను కోడ్ నుంచి డాక్స్‌లోకి తెచ్చుకున్న పేర్లలో అది ఉందో లేదో వెతుకుతుంది. బిల్డ్ కమాండ్‌కు చిన్న ఎన్ ఫ్లాగ్ (-n) ఇస్తే దొరకని ప్రతి పేరుకూ వార్నింగ్ వస్తుంది, పెద్ద డబ్ల్యూ ఫ్లాగ్ (-W) తోడైతే ఆ వార్నింగే ఎర్రర్ అవుతుంది. ఫంక్షన్ పేరు మార్చిన పుల్ రిక్వెస్ట్ (మార్పును కలుపుకోమనే అభ్యర్థన), డాక్స్ సరిచేసేదాకా మెర్జ్ కాదు.

పాత ప్రాజెక్టులో ఈ ఫ్లాగ్‌లు ఒక్కసారిగా పెడితే వందల వార్నింగ్‌లు వచ్చిపడతాయి, మర్నాడే ఎవరో వాటిని తీసేస్తారు. దీనికి పైథాన్ కోర్ బృందం పట్టిన దారి బాగుంది. ఇప్పటికే వార్నింగ్‌లున్న ఫైళ్ల పేర్లు ఒక జాబితాలో రాసుకున్నారు. ఆ జాబితాలో లేని ఫైల్లో కొత్తగా ఒక్క వార్నింగ్ వచ్చినా చెక్ ఫెయిలవుతుంది. జాబితాలో ఉన్న ఫైలు ఎవరైనా శుభ్రం చేస్తే దాని పేరు తీసేయాల్సిందే, లేకపోయినా ఫెయిలే. అంటే జాబితా తగ్గడమే గానీ పెరగడం ఉండదు. చిన్న ప్రాజెక్టు కూడా ఈ పద్ధతి యథాతథంగా తెచ్చుకోవచ్చు.

ఇక ఉదాహరణలు. కోడ్‌ను పేజీలోకి కాపీ చేయకుండా, టెస్టుల్లో నడుస్తున్న అసలు ఫైలు నుంచే స్ఫింక్స్‌లోని లిటరల్‌ఇన్‌క్లూడ్ ఆదేశంతో తెచ్చుకోవాలి. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ‘12 నుంచి 20వ లైన్ వరకు’ అని అంకెలతో చెబితే, ఎవరో పైన రెండు ఇంపోర్టులు చేర్చిన రోజు పేజీలో ఉదాహరణ తల తెగి, అక్కర్లేని తోక తగిలించుకుని కనిపిస్తుంది. స్ఫింక్స్ కిక్కురుమనదు. ఫైల్లోనే కామెంట్‌గా మొదలు, చివర గుర్తులు పెట్టి, వాటి మధ్య భాగాన్ని తెమ్మంటే ఆ బాధ లేదు. గుర్తు చెరిగిపోతే వార్నింగ్ వస్తుంది.

పేజీలోనే రాసిన చిన్న ఉదాహరణలను నడిపి, రాసిన ఫలితమే వస్తోందో లేదో చూసే డాక్‌టెస్ట్ ఉంది. రస్ట్ భాషలో కార్గో టెస్ట్, గో భాషలో ఎగ్జాంపుల్ ఫంక్షన్లు ఇదే పని చేస్తాయి. అయితే స్ఫింక్స్‌లో మామూలు కోడ్‌బ్లాక్ కింద పెట్టిన కోడ్‌ను డాక్‌టెస్ట్ ముట్టుకోదు. ప్రాంప్ట్ గుర్తుతోనో (>>>) డాక్‌టెస్ట్ డైరెక్టివ్‌తోనో (ఆదేశంతోనో) రాసినదే నడుస్తుంది. పైగా మొదట చెప్పుకున్న యూటీసీనౌ లాంటిది నడిచి పాసైపోతుంది, ఎందుకంటే ‘ఇక వాడొద్దు’ అని చెప్పే డిప్రికేషన్ వార్నింగ్ ఎర్రర్ కాదు. కాన్ఫిగరేషన్ ఫైల్లో డాక్‌టెస్ట్ గ్లోబల్ సెటప్ దగ్గర రెండు లైన్లు చేర్చాలి. ఒకటి వార్నింగ్స్ మాడ్యూల్ ఇంపోర్ట్, రెండోది డిప్రికేషన్ వార్నింగ్‌ను ఎర్రర్‌గా మార్చే ఫిల్టర్. అప్పుడు ఆ ఉదాహరణ 3.12 మీద నడిపిన మొదటి రోజే పట్టుబడుతుంది.

సరిచేసేటప్పుడూ జాగ్రత్త కావాలి. డేట్‌టైమ్‌లో యూటీసీ అనే పొట్టి పేరు 3.11లోనే వచ్చింది. ప్రాజెక్టు 3.10కీ పనిచేస్తానంటూ డాక్స్‌లో ఆ పేరు వాడితే, పాత తప్పు పోయి కొత్త తప్పు వచ్చినట్టే. టైమ్‌జోన్ క్లాసులోని యూటీసీ అయితే రెండింటిలోనూ పనిచేస్తుంది. అందుకే ప్రాజెక్టు సపోర్ట్ చేసే అతి పాత వెర్షన్, అతి కొత్త వెర్షన్ రెండింటి మీదా డాక్‌టెస్ట్ నడపాలి.

పేజీల్లోని బయటి లింకులు పనిచేస్తున్నాయో లేదో చూసే తనిఖీని మాత్రం ప్రతి పుల్ రిక్వెస్ట్‌కూ ముడిపెట్టొద్దు. ఎక్కడో ఎవరిదో సైటు గంటసేపు పడిపోతే ఇక్కడ సంబంధం లేని మార్పు ఆగుతుంది, రెండుసార్లు అలా జరిగితే ఆ చెక్‌ను ఎవరూ లెక్కచేయరు. వారానికోసారి షెడ్యూల్ చేస్తే చాలు. ‘బ్రోకెన్’ అని వచ్చినవే కాకుండా ‘రీడైరెక్టెడ్’ అని వచ్చినవీ మనిషి చూడాలి. పాత పేజీని తీసేసి హోమ్‌పేజీకి మళ్లించే సైట్లు చాలానే ఉన్నాయి.

మెషిన్ పట్టలేనిది వివరణ. ఒక ఆప్షన్ డిఫాల్ట్ విలువ మారితే దాని గురించి రాసిన పేరా తప్పవుతుంది, బిల్డ్‌కు ఆ సంగతి తెలియదు. వెబ్‌సైట్లు కట్టే పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో ప్రాజెక్టులో, చేయాల్సిన పనుల టికెట్ల మీద ‘టెస్టులు కావాలి’ అన్న గుర్తు పక్కనే ‘డాక్యుమెంటేషన్ కావాలి’ అన్న గుర్తూ ఉంటుంది. అది తీరనంతవరకు ప్యాచ్ పూర్తయినట్టు కాదు. డాక్స్ తర్వాత రాద్దాంలే అని విడిగా ఇష్యూ తెరవడం కన్నా ఇది ఎంతో మేలు. మార్పు ఎందుకు చేశారో ఆ రోజు అందరికీ గుర్తుంటుంది, మూడు నెలలకు చేసినవాళ్లకే గుర్తుండదు.

హోస్టింగ్ వైపు నుంచీ పేజీలు పాతబడతాయి, అదీ చడీచప్పుడు లేకుండా. డాక్స్ సైట్లను హోస్ట్ చేసే రీడ్ ద డాక్స్ 2023 సెప్టెంబర్ నుంచి రిపోలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) కాన్ఫిగరేషన్ ఫైలు తప్పనిసరి చేసింది. ఆ ఫైలు లేని ప్రాజెక్టుల్లో కొత్త బిల్డ్‌లు ఫెయిలయ్యాయి, చివరిసారి విజయవంతమైన బిల్డ్ మాత్రం సైటులో అలాగే నిలిచింది. చూసేవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. 2022 మార్చిలో, స్ఫింక్స్ ఆధారపడే జింజా ప్యాకేజీ 3.1 వచ్చినప్పుడు, ఫలానా వెర్షనే కావాలని బిగించకుండా పాత స్ఫింక్స్ మీద ఉన్న ప్రాజెక్టుల్లో ఇంపోర్ట్ దగ్గరే బిల్డ్ కూలింది. డాక్స్ బిల్డ్‌కు వాడే ప్యాకేజీలకు వెర్షన్లు బిగించాలి, ఫెయిలైన బిల్డ్ కబురు ఒకరి మెయిల్‌కు కాకుండా కనీసం ఇద్దరికి వెళ్లాలి. సైటుకు వచ్చినవారిని మొదట ‘స్టేబుల్’ పేజీలకే తీసుకెళ్లాలి. ‘లేటెస్ట్’లో ఇంకా విడుదల కాని ఫీచర్లుంటాయి, పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకున్నవారికి అవి ఎంత వెతికినా దొరకవు.

అనువాదాల దగ్గర ఇదంతా రెండింతలవుతుంది. సర్వర్లపై కంటైనర్లను నడిపించే కుబర్నెటీస్ ప్రాజెక్టు డాక్స్‌లో ఒక్కో భాషకు పేజీలు విడివిడి ఫైళ్లు. ఇంగ్లిష్ పేజీ మారినా అనువాదం నిన్నటి మాటే చెబుతూ ఉంటుంది. అందులోని పాడ్ సెక్యూరిటీ పాలసీ అనే భద్రతా సదుపాయం 2022లో 1.25 వెర్షన్‌తో పూర్తిగా పోయింది. దాన్ని ఇంకా వాడమనే పేజీని నమ్మినవారికి అలాంటి రిసోర్సే లేదన్న ఎర్రర్ వస్తుంది. అనువాదం తర్వాత ఇంగ్లిష్‌లో ఏం మారిందో చూపే చిన్న స్క్రిప్టు ఆ రిపోలోనే ఉంది, కానీ దాన్ని ఎవరో ఒకరు నడపాలి. పైథాన్ డాక్స్ అనువాదాలు నడిచే గెట్‌టెక్స్ట్ పద్ధతి వేరు. అందులో పేరా పేరాకు అనువాదం విడిగా ఉంటుంది. మూలంలో పేరా మారితే పాత అనువాదానికి ‘ఫజ్జీ’ (మళ్లీ చూడాలి) అన్న ముద్ర పడుతుంది, పేజీలో ఆ ఒక్క పేరా తిరిగి ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. తెలుగు పేజీ మధ్యలో ఇంగ్లిష్ పేరా చూడ్డానికి బాగుండదు. అయినా తెలుగులో డాక్స్ మొదలుపెట్టాలనుకునే బృందాలు ఈ దారే ఎంచుకోవాలి. తెలుగులో చదివి మొదటి కమాండ్ కొట్టే విద్యార్థికి, అది తప్పని చెప్పే రెండో తెలుగు పేజీ ఇవాళ్టికి చాలా అంశాల్లో లేదు.