పాత తలుపులు గీకిన దుమ్ము మా పాప నోట్లోకి వెళ్లాలా?

ఇవాళ పొద్దున మా పక్క ఫ్లాట్ వాళ్లు రెనోవేషన్ పేరుతో పాత తలుపులు, కిటికీ గ్రిల్స్ కారిడార్‌లోకి తెచ్చి సాండింగ్ మిషన్‌తో గీకించడం మొదలుపెట్టారు. కాసేపటికే మా గుమ్మం ముందు ముగ్గు కూడా కనపడలేదు. తలుపు కింద సందులోంచి దుమ్మంతా హాల్లోకి వచ్చేసింది. అక్కడ మా పాప పాకుతోంది. ఎత్తుకుని చూస్తే అరచేతుల నిండా పసుపుపచ్చటి పొడి. ఈ వయసు పిల్లల చేతులు నోట్లో తప్ప ఇంకెక్కడుంటాయి?

బయటికెళ్లి అడిగితే మేస్త్రీ "దుమ్మే కదా మేడం, సాయంత్రం ఊడ్చేస్తాం" అన్నాడు. ఊడిస్తే అది మళ్లీ గాల్లోకే లేస్తుంది!

అది మామూలు దుమ్ము కాదండీ. మా బిల్డింగ్ తొంభైల్లో కట్టింది. అప్పట్లో ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ రంగుల్లో, సీసం (లెడ్) అనే విషలోహం విరివిగా వాడేవారు. లెడ్ క్రోమేట్ అనే సీసం పదార్థమే చిక్కటి పసుపు రంగు. ఇనుముకు తుప్పు పట్టకుండా రెడ్ లెడ్ అనే ఎర్రటి సీసం పూత పూసేవారు. మన దేశంలో ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న రూల్ వచ్చిందే 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబర్‌లో. అదీ కొత్త డబ్బాలకే. అంతకుముందు తలుపులకు, గ్రిల్స్‌కి ఎక్కిన పూతలు ఏమైపోయాయి? ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని ఎలా గీకాలో ఆ రూల్‌లో ఒక్క ముక్క లేదు.

ఇదంతా మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే ఒక అంకుల్ "సీసం ఉందని టెస్ట్ చేయించావా అమ్మా?" అన్నారు. నేనెందుకు చేయించాలి అంకుల్? గీకించేవాళ్లు చేయించాలి. పాత ఎనామిల్ అన్నాక, లేదని తేలేదాకా ఉందనే అనుకోవాలి. సీసానికి ఇంతవరకు ఫర్వాలేదనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) చెబుతోంది. కడుపులోకి వెళ్లిన సీసాన్ని చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందట. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఆ నష్టం మళ్లీ పూడదు. ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కుని, ఆడపిల్లలకైతే రేపు కడుపుతో ఉన్నప్పుడు రక్తంలోకి వచ్చి కడుపులో బిడ్డకూ చేరుతుంది.

ఇందులో నాకు ఒళ్లు మండే విషయం ఇంకోటుంది. ఆ ఫ్లాట్ ఓనర్ ఉండేది న్యూజెర్సీలో. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా సీసం పెయింట్ గురించి తెలిసినదంతా చెప్పి సంతకాలు తీసుకోవాలి. 2010 నుంచి అలాంటి ఇళ్లలో డబ్బు తీసుకుని రెనోవేషన్ చేసే కంపెనీకి సర్టిఫికెట్ ఉండాలి, దుమ్ము బయటికి రాకుండా ప్లాస్టిక్ కట్టాలి. అంత కట్టుదిట్టమున్న దేశంలో పిల్లల్ని పెంచుకునే మనిషి, ఇక్కడి పని వీడియో కాల్‌లో చూస్తూ టైల్స్ షేడ్ గురించి గంటసేపు మాట్లాడతాడు. కారిడార్‌లో లేస్తున్న దుమ్ము గురించి ఒక్క మాట అడగడు. అక్కడి పిల్లలే పిల్లలా, మా పిల్లలు కారా?

ఇక మా అసోసియేషన్. బాల్కనీ పిట్టగోడ మీద బట్టలు ఆరేస్తే ఫైన్ వేస్తారు. చెప్పుల స్టాండ్ గుమ్మం బయట కనిపిస్తే నోటీసు. పోయిన వానాకాలంలో సంపు మూత పగిలి, పిల్లలు ఆడుకునే చోట నోరు తెరుచుకుని ఉంటే ఎన్నిసార్లు మొత్తుకున్నామో! నెలల తరబడి ఫండ్స్ లేవన్నారు. అదే ఫండ్స్‌తో గేటుకు లైట్ల ఆర్చి పెట్టించారు. నేనది మర్చిపోలేదు, మర్చిపోను కూడా. ఇవాళ ప్రెసిడెంట్ గారికి ఫోన్ చేస్తే "పక్కపక్కన ఉండేవాళ్లు కాస్త సర్దుకుపోవాలమ్మా" అన్నారు. పసిపిల్ల రక్తంలోకి వెళ్లే సీసంతో ఎలా సర్దుకుపోతారో ఆయనే వచ్చి చూపించాలి.

చేయాల్సింది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పాత పూత గట్టిగా ఉంటే గీకనే వద్దు, పైనే కొత్త కోటు వేయించండి. పెచ్చులు లేచి గీకక తప్పదంటే నీళ్లు చల్లి వాటర్ పేపర్‌తో తడితడిగా రుద్దించండి. మిషన్ వద్దు. మంటతో పెయింట్ కాల్చి ఊడదీసే బ్లో లాంప్ అసలే వద్దు, ఆ పొగలో కూడా సీసం వస్తుంది. కింద మందపాటి ప్లాస్టిక్ షీట్ పరిచి, గుమ్మాలకు షీట్ కట్టి టేపు వేయించండి. చీపురు ముట్టుకోకుండా తడిగుడ్డతో తుడిపించండి. మామూలు వాక్యూమ్ క్లీనర్ కూడా పనికిరాదు, సన్నటి పొడిని వెనకనుంచి వదిలేస్తుంది. పని అయ్యేదాకా పిల్లలు, గర్భిణులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

ఆ మిషన్ పట్టుకున్న కుర్రాడికి మాస్కు లేదు, మూతికి కర్చీఫ్ కట్టుకున్నాడు. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని అదే చేత్తో టిఫిన్ బాక్స్ తెరిచాడు. కనురెప్పల మీద కూడా పొడి. సాయంత్రం ఆ చొక్కాతోనే ఇంటికెళ్తాడు, ఇంట్లో పిల్లలుంటే వాళ్లూ ఆ చొక్కానే కరుచుకుంటారు. మేస్త్రీ మీద ఇందాక అరిచాను గానీ, వీళ్లకు ఎవరైనా చెప్పారా? తడిపి గీకితే పని నెమ్మదవుతుంది, ఇంకో రోజు కూలీ పడుతుంది. అది మేస్త్రీ జేబులోంచి కాదు, ఇంటి ఓనర్ జేబులోంచి రావాలి. మంచి మాస్కు, సబ్బు, కడుక్కోవడానికి నీళ్లు కూడా ఓనరే ఇవ్వాలి.